నడకను తెచ్చారు, మనిషిని తేలేదు

సంపాదక మహాశయులకు నమస్కారాలు.

నేను పాలకొల్లుకు దగ్గరలోని ఒక పల్లెలో ఉంటున్నాను. గోదావరికి ఇటూ అటూ ఉన్న జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో 31 ఏళ్ళు తెలుగు చెప్పి పదవీ విరమణ చేశాను. నా ఎడమ కాలికి చాలా ఏళ్ళుగా బోద ఉంది. ఈ ఉత్తరం మన నాటకాలూ, సినిమాలూ, పత్రికలూ రోగాన్నీ వైకల్యాన్నీ చూపించే తీరు గురించి; కనుక రాస్తున్న మనిషి ఎవరో, ఏ కాలి మీద నిలబడి మాట్లాడుతున్నదో చదివేవారికి ముందే తెలియడం న్యాయమనిపించి ఈ సంగతి మొదటే చెబుతున్నాను.

మొన్నటి సంక్రాంతికి మా ఊరి చెరువుగట్టు దగ్గర వేదిక కట్టి మూడు రాత్రులు కార్యక్రమాలు పెట్టారు. రెండో రాత్రి ఒక హాస్య నాటిక వేశారు. అందులో పెళ్ళిచూపులకు వచ్చిన ఒక పెద్దమనిషికి బోదకాలు. ఆ పాత్ర వేసిన నటుడు మోకాలి కింద గోనెపట్టా చుట్టి, లోపల గడ్డి కూరి, దాని మీద పంచె కట్టుకుని, అడుగు వేసినప్పుడల్లా వేదిక బల్లలు అదిరేలా కాలు మోపుతూ వచ్చారు. తబలా వాయించే ఆయన ఆ అడుగుకు సరిగ్గా సరిపోయేలా దెబ్బ వేశారు. జనం విరగబడి నవ్వారు. కథలో ఆ కాలికి వేరే పని లేదు. పెద్దమనిషి వచ్చారు, కూర్చోబోయి కుర్చీని తన్నారు, మళ్ళీ లేచి నడిచారు, వెళ్ళిపోయారు. ఆ పాత్ర పేరేమిటో, ఆయన పెళ్ళికూతురికి ఏమవుతారో నాకు ఇప్పటికీ తెలియదు.

వేదిక ముందు చాపల మీద మా వీధికి చేపలు తెచ్చే ఆవిడ కూర్చుని ఉంది. ఆమెకు కుడి కాలు బోదకాలు. మడవడానికి రాదు కనుక ఎక్కడ కూర్చున్నా ఆ కాలు చాచుకునే కూర్చుంటుంది. నటుడు రెండడుగులు వేశారో లేదో, ఆమె చీర అంచు పాదం మీదికి లాక్కుని, ఆ కాలిని రెండు చేతులతో పట్టి దగ్గరికి తీసుకోబోయింది. అది సగం దూరమే వచ్చింది. తర్వాత అందరితో పాటు ఆమె కూడా నవ్వింది. నేను వెనక కుర్చీలో ఉన్నాను, నా చీర నేలదాకా ఉంది, నా కాలు ఎవరికీ కనబడదు. నేను నవ్వలేదు, లేచి వెళ్ళనూ లేదు. అప్పుడే ఏదైనా అని ఉండవలసిందని ఆ రాత్రి నుంచీ అనుకుంటూనే ఉన్నాను.

మర్నాడు పొద్దున ఆ నటుడు బస్సు కోసం రావిచెట్టు దగ్గర నిలబడి ఉంటే వెళ్ళి పలకరించాను. నెమ్మదస్తులు, మర్యాదగా మాట్లాడారు. నేను అడగదలచుకున్నది అడిగాను. “జనం నవ్వాలి గదండి టీచరుగారూ, నవ్వకపోతే వచ్చే ఏడు మమ్మల్ని పిలవరండి” అన్నారు. కాసేపు ఆగి, “మా అమ్మకీ ఉండేదండి బోదకాలు. ఆ నడక ఆవిణ్ణి చూసి పట్టిందేనండి” అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను అనుకోలేదు. అమ్మగారు ఏం పని చేసేవారని అడిగితే, నాట్లకూ కోతలకూ వెళ్ళేవారని, ముగ్గురు పిల్లలను ఒక్కతే పెంచారని చెప్పారు. సాయంత్రం చేలో నుంచి రాగానే ముందు సబ్బుతో కాలు కడుక్కుని, వేళ్ళ సందులు తడి లేకుండా తుడుచుకుని, ఆ తర్వాతే పొయ్యి దగ్గరికి వెళ్ళేవారట. ఆ తుడుచుకునే గుడ్డ దండెం మీద విడిగా ఉండేదట, పిల్లలెవరైనా దాన్ని ముట్టుకుంటే కోప్పడేవారట. ఇదంతా చెబుతున్నప్పుడు ఆయన గొంతు మారిపోయింది. ఆయనకు తల్లి మీద ప్రేమ లేదని నేను ఎన్నటికీ అనను. కానీ అంత తెలిసిన మనిషి ఆమె దగ్గర నుంచి నడక ఒక్కటే వేదిక మీదికి తెచ్చారు. ఆమెను ఇంట్లోనే వదిలి వచ్చారు.

నిజానికి ఆ నడక కూడా ఆమెది కాదు. బోదకాలు ఉన్నవాళ్ళెవరూ నేల అదిరేలా అడుగు వేయరు. పల్లేరుకాయ గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా, వేళ్ళ మధ్య చర్మం చిట్లినా అక్కడి నుంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. ఆ వెనకనే చలి, జ్వరం, గజ్జల్లో బిళ్ళలు, కాలంతా ఎర్రబడి మండటం మొదలవుతాయి. నాలుగైదు రోజులు మంచం దిగలేము. అలా జ్వరం వచ్చి పోయిన ప్రతిసారీ కాలు ఇంకాస్త లావెక్కుతుంది. అందుకే మేము పాదం మోపబోయే చోటును ముందు కళ్ళతో తడుముకుంటాం. గుమ్మం దాటేటప్పుడు మంచి కాలు ముందు వేసి, చీర కొద్దిగా ఎత్తి పట్టుకుని, రెండో కాలిని జాగ్రత్తగా వెంట తెచ్చుకుంటాం. వాన కురిసిన చేనుగట్టు మీద ఒక స్త్రీ తట్ట నెత్తిన పెట్టుకుని అలా నడుస్తుంటే, ఆ ఒక్కో అడుగులో ఎంత ఆలోచన ఉంటుందో చూడగలిగిన నటుడికి అందులో ఒక రాత్రికి సరిపడా నటన దొరుకుతుంది. నవ్వు కూడా దొరుకుతుంది, ఎందుకంటే మేము మా ఇళ్ళల్లో మా కాళ్ళ గురించి నవ్వుకోకుండా ఏమీ లేము. ఆ నవ్వు వేరు. అందులో కాలు మాది, మాట మాది.

మన డెల్టాకు ఈ వ్యాధి కొత్తది కాదు. దేశంలో బోదవ్యాధి మీద శిక్షణకూ పరిశోధనకూ ప్రాంతీయ కేంద్రాలు పెట్టిన చోట్లలో కోళికోడ్, వారణాసిలతో పాటు మన రాజమహేంద్రవరం కూడా ఉంది. జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం 1955లోనే మొదలైంది. మురుగు నిలిచిన చోట పెరిగే క్యూలెక్స్ దోమ కుట్టినప్పుడు పురుగు పిల్లలు ఒంట్లోకి చేరతాయి; అవి పెరిగి సన్నని దారపు పోగుల్లా శోషరస నాళాల్లో ఏళ్ళ తరబడి ఉండి వాటిని పాడు చేస్తాయి. చాలామందికి ఇది చిన్నతనంలోనే సోకుతుంది, కాలు వాచేది మాత్రం పెద్దయ్యాక. ముట్టుకుంటే అంటదు, కలిసి తింటే అంటదు. మనిషి రక్తంలోని రోగకారక పురుగు దోమ ఒంట్లో ఎదుగుతుందని ప్యాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు 1877లో చైనాలో మొదట చూపించింది ఈ బోదవ్యాధి విషయంలోనే. మలేరియాకు దోమతో ఉన్న సంబంధాన్ని రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు, 1897లో. ఇంత కాలంగా తెలిసిన సంగతి మన వేదికల మీదికి ఇంకా చేరలేదు. అక్కడ బోదకాలు ఇప్పటికీ పాపఫలంగా వస్తుంది, ఎవరి ఉసురో తగిలి వస్తుంది, లేదంటే కేవలం నవ్వు కోసం వస్తుంది.

తెలుగు పాఠాలు చెప్పినదాన్ని కనుక ఈ అలవాటు ఎంత వెనక నుంచి వస్తున్నదో కొంత ఆలోచించాను. రామాయణంలో మంథర ఉంది. ఆమె వంగిన నడుమును ఆమె బుద్ధికి గుర్తుగా చెప్పుకుంటూ వచ్చాం. నేను కూడా ఎన్నో ఏళ్ళు తరగతి గదిలో అలాగే చెప్పాను, ఆ మాట ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంటుంది. భాగవతం దశమస్కంధంలో కుబ్జ ఉంది. ఆమె మంచిది. కంసుని కోసం తీసుకుపోతున్న మైపూతను కృష్ణుడికి ఇస్తుంది. ఆయన ఆమె పాదాలను తన పాదంతో తొక్కిపట్టి, గడ్డం కింద వేళ్ళు ఉంచి పైకెత్తి నిటారుగా నిలబెడతాడు. అంటే చెడ్డదైతే వంపు ఉండిపోతుంది, మంచిదైతే వంపు పోతుంది. మంచిదై ఉండి, వంగిన నడుముతోనే గంధం తీసి, దాన్ని అమ్ముకుని, ఇరుగుపొరుగుతో పోట్లాడి, కలిసిపోయి, ఇంకో నలభై ఏళ్ళు బతికే స్త్రీ కథలో లేదు. అష్టావక్రుడి సంగతి వేరు కదా అంటారేమో. అరణ్యపర్వంలో ఆయన ఎనిమిది వంకరల శరీరంతోనే జనకుని సభకు వెళ్ళి అక్కడి పండితుడైన వందిని వాదంలో ఓడించాడు, నిజమే. కానీ ఆ కథ చివర ఆయన కూడా తండ్రి మాట మీద సమంగ అనే నదిలో మునిగి అవయవాలన్నీ సమం చేసుకుని బయటికి వస్తాడు. వాదంలో గెలిచిన శరీరంతోనే ఇంటికి వెళ్ళడానికి కథ ఒప్పుకోలేదు.

పురాణాలను తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. అవి తమ కాలంలో తమ పని చేశాయి, వాటిని చెప్పే పని నాకు అన్నం పెట్టింది. అయితే ఈనాటి టీవీ సీరియలులో ప్రతినాయకుడికి ఉన్నట్టుండి కుంటి నడకో ఒంటికన్నో పెట్టినప్పుడు అది మంథర కథే. నాయిక చెల్లెలికి చివరి భాగంలో హఠాత్తుగా మాట వచ్చినప్పుడు అది కుబ్జ కథే. నాకూ, చేపలు తెచ్చే ఆవిడకూ, ఆ నటుడి తల్లికీ ఈ రెండు కథల్లోనూ చోటు లేదు. మా కాళ్ళు ఇలాగే ఉంటాయి. ఒకసారి ఇంతగా వాచిన తర్వాత మాత్రలతో ఆ వాపు పూర్తిగా తగ్గదు. రోజూ కడగడం, ఆరబెట్టడం, రాత్రి కాలి కింద దిండు పెట్టుకుని ఎత్తులో ఉంచడం, మడమను ఆడించడం, ఇవే మాకు ఉన్న వైద్యం. ఇవి చేసుకుంటూ మేము పనులకు వెళతాం.

ఇక ఎంతో మంచి ఉద్దేశంతో జరిగే ఒక పొరపాటు గురించి చెప్పాలి, ఎందుకంటే అందులో మీ వంటి పత్రికలకూ నాకూ కూడా భాగం ఉంది. బోదవ్యాధి రాకుండా అందరి చేతా మాత్రలు మింగించే కార్యక్రమం దేశంలో 2004లో పెద్ద ఎత్తున మొదలైంది. డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలను రెండేళ్ళ లోపు పిల్లలకూ, గర్భిణులకూ, తీవ్రమైన జబ్బుతో ఉన్నవారికీ తప్ప మిగిలిన అందరికీ ఇస్తారు. చాలా అవసరమైన పని. నేను బడిలో పిల్లల పక్కన నిలబడి మింగించాను. ఒక ఏడు ఆ కార్యక్రమం ముందు వచ్చిన గోడపత్రికను ఎనిమిదో తరగతి గది బయట నేనే అంటించాను. దాని నిండా మోకాలి నుంచి కిందికి ఒక కాలు ఉంది. వాచి, నల్లబడి, మడతలు పడిన కాలు. పైన మనిషి లేదు. ఇలా కాకూడదంటే మాత్రలు వేసుకోమని కింద రాసి ఉంది. ఒక పిల్ల చాలాసేపు దాన్ని చూసి, “టీచర్, ఈ కాలు ఎవరిదండీ?” అని అడిగింది. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆ ఫొటో తీసిన రోజున ఆ కాలి పైన ఒక ముఖం ఉండి ఉంటుంది, ఆ మనిషి అక్కడికి ఏదో ఒక పని మానుకుని వచ్చి ఉంటుంది, చొక్కానో చీరో కట్టుకుని వచ్చి ఉంటుంది. వాటిలో ఏదీ మాకు చేరలేదు.

అప్పటి నుంచి పత్రికల్లో ఈ కార్యక్రమం వార్త వచ్చినప్పుడల్లా నేను ఫొటోలు గమనిస్తున్నాను. మీ పత్రికతో సహా దాదాపు అన్నింటిలోనూ అదే పద్ధతి. అధికారులు మాత్రలు మింగుతున్న ఫొటోలో ముఖాలు ఉంటాయి, పేర్లు ఉంటాయి. వ్యాధి ఉన్నవారి ఫొటోలో కాలు మాత్రమే ఉంటుంది. గోప్యత కోసం అలా చేస్తున్నామని మీరు అనవచ్చు, కొందరికి అది అవసరం కూడా. అయితే ఎవరినీ అడగకుండా అందరి ముఖాలూ కోసేయడాన్ని గోప్యత అనలేము. పైగా భయపెడితేనే జనం మాత్రలు మింగుతారన్న నమ్మకం ఎంతవరకు సరైనదో ఆలోచించండి. ఆ కాలిని చూసి భయపడిన పిల్లలు మాత్రలకన్నా ముందు ఆ కాలు ఉన్న మనిషికి దూరంగా జరగడం నేర్చుకుంటారు. బడిలో నేను దాన్ని చూశాను.

మరో విషయం ఉంది. మనం గౌరవించే వారి బొమ్మల్లోంచి జబ్బును తీసేస్తాం. మన డెల్టాలో కాటన్ దొర విగ్రహం లేని ఊళ్ళు తక్కువ. చాలా చోట్ల గుర్రం మీద నిటారుగా కూర్చుని ఉంటారు. ఆయనను మనం భగీరథుడన్నాం, సంకల్పం చెప్పుకునేటప్పుడు తలచుకునేవారు కూడా ఉన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆ మధ్యలో, 1848లో, ఆయన ఆరోగ్యం చెడిపోయి, పనిని కెప్టెన్ ఓర్‌కు అప్పగించి, సెలవు మీద ఆస్ట్రేలియాకు వెళ్ళవలసి వచ్చింది. మళ్ళీ వచ్చింది 1850లో. అంటే ఆనకట్ట కట్టిన కాలంలో దగ్గర దగ్గర రెండేళ్ళు ఆయన జబ్బు మనిషి. ఆ రెండేళ్ళూ పని వేరే చేతుల మీద నడిచింది. ఇందులో ఆయన గొప్పతనానికి వచ్చిన లోటేమీ లేదు. జబ్బు పడిన మనిషి పని మానుకోవచ్చు, తిరిగి రావచ్చు, అతను లేనప్పుడు మరొకరు పని అందుకోవచ్చు అన్న ఈ సంగతే మా పిల్లలకు ఎక్కువ పనికివస్తుంది. కానీ ఏ విగ్రహం దగ్గరా, ఏ జయంతి సభలోనూ నేను ఈ మాట వినలేదు. పెద్దవారి జీవితంలో జబ్బు ఉంటే దాచిపెడతాం. నాట్లు వేసే ఆడమనిషికి జబ్బు ఉంటే అది ఒక్కటే బయటికి తెస్తాం.

సినిమాల గురించి ఎక్కువ రాయను, ఆ చర్చ మీ పేజీల్లో అడపాదడపా జరుగుతూనే ఉంది. నత్తి, చెవుడు, మెల్లకన్ను, రేచీకటి, వరిబీజం, వీటి మీద మన తెర మీద అల్లిన హాస్యం ఎంత ఉందో అందరికీ తెలుసు. వరిబీజం కూడా మా ప్రాంతంలో చాలామందికి ఈ పురుగు వల్ల వచ్చేదే. మంచి ఉదాహరణలు లేకపోలేదు. 1981లో ప్రమాదం తర్వాత కాలు పోగొట్టుకున్న నర్తకి సుధాచంద్రన్ జైపూర్ కాలుతో మళ్ళీ నాట్యం చేసి, తన జీవితం ఆధారంగా వచ్చిన ‘మయూరి’లో తన పాత్రను తానే ధరించింది, కృత్రిమమైన కాలు నాట్యం చేసేటప్పుడు ఎక్కడ ఒరుసుకుంటుందో ఆమెకు ఎవరూ నేర్పవలసిన పని లేకపోయింది. 2018లో గోదావరి పల్లె నేపథ్యంగా వచ్చిన ‘రంగస్థలం’లో నాయకుడికి చెవుడు. ఆ చెవుడు మీద నవ్వులు ఉన్నాయి, కొన్ని నాకు నచ్చలేదు. అయినా ఆ మనిషికి ఇంజను పెట్టి చేలకు నీళ్ళు తోడే పని ఉంది, కోపం ఉంది, అన్న ఉన్నాడు, ప్రేమ ఉంది. చెవుడు ఆ జీవితంలో ఒక భాగంగా ఉంది. మా ఊరి వేదిక మీద నేను కోరుకుంటున్నది ఇంతకన్నా ఎక్కువేమీ కాదు.

2024 జులై 8న సుప్రీంకోర్టు, దృశ్య మాధ్యమాల్లో వైకల్యం ఉన్నవారిని చూపించే తీరు మీద ఒక తీర్పులో కొన్ని సూచనలు చేసింది. వైకల్యం ఉన్నవారిని తక్కువ చేసే హాస్యం వేరు, వైకల్యాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే హాస్యం వేరు అని ఆ తీర్పు విడదీసి చెప్పింది. ఒక వైద్య పరిస్థితిని చూపేటప్పుడు అది నిజంగా ఎలా ఉంటుందో వీలైనంత తెలుసుకుని చూపమంది. అపోహలతో ఎగతాళి చేయడమూ వద్దు, అటు మానవాతీతులుగా చూపడమూ వద్దు అంది. వైకల్యం ఉన్నవారిని సంప్రదించకుండా వారి గురించి నిర్ణయాలు చేయవద్దంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను పేర్కొంది, నలుగురిలో కావాలని అవమానించడాన్ని నేరంగా చెప్పింది. ఆ 21లో కుష్ఠు నయమైనవారు ఉన్నారు, బోదకాలు పేరు లేదు. నేను ఎవరి మీదా కేసు పెట్టాలని కోరడం లేదు. రావిచెట్టు కింద ఆ నటుడితో మాట్లాడిన పది నిమిషాలు ఏ కేసుకన్నా ఎక్కువ పని చేశాయని నా నమ్మకం. కానీ సినిమావారికి కోర్టు చెప్పిన మాటలు ఊరి వేదికలకూ, పత్రికా కార్యాలయాలకూ ఎవరూ చేరవేయలేదు.

పత్రికల మాటల గురించి కూడా ఒకటి రెండు చెప్పనివ్వండి. మీరు ఒక పేజీలో మమ్మల్ని ‘విధివంచితులు’, ‘అభాగ్యులు’ అంటారు, మరో పేజీలో ‘వైకల్యాన్ని జయించిన’ అంటారు. ఈ మధ్య ‘దివ్యాంగులు’ అన్న మాట స్థిరపడింది. గౌరవించాలనే ఆ మాట తెచ్చారని తెలుసు. కానీ నా కాలు దివ్యమైనది కాదు, శాపం తగిలినదీ కాదు. అది వాచిన కాలు. నేను దాన్ని జయించలేదు, దానికి ఓడిపోనూ లేదు. దానితో కలిసి బడికి వెళ్ళి వచ్చాను. ‘వైకల్యం ఉన్న వ్యక్తి’ అంటే సరిపోతుంది, ‘బోదవ్యాధి ఉన్న మహిళ’ అంటే సరిపోతుంది. అలాగని సామెతలన్నీ భాషలోంచి ఏరివేయాలని నేను అనను. ‘పనులు కుంటుపడ్డాయి’ అన్న మాటతో నాకు పేచీ లేదు, అందులో ఎవరి కాలూ కనబడదు. కానీ అధికారులు పట్టించుకోలేదని రాయడానికి పెద్ద అక్షరాలతో ‘చెవిటివాడి ముందు శంఖం’ అని శీర్షిక పెట్టినప్పుడు, ఆ పత్రికను చెవుడు ఉన్న మనిషి కూడా డబ్బులిచ్చి కొనుక్కుని చదువుతున్నాడని మీ ఉపసంపాదకులు ఒక్క క్షణం అనుకోవాలి. వినగలిగి కూడా వినని అధికారికి వినబడని మనిషితో పోలిక అన్యాయం.

మా ప్రాంతంలో ఈ వ్యాధి చుట్టూ ఉన్న జీవితం రాసేవారికి ఎంత ఇవ్వగలదో చెప్పడానికి ఒక జ్ఞాపకం చాలు. బోదవ్యాధి పురుగు పిల్లలు పగలు లోపల ఎక్కడో ఉండి, రాత్రి పూటే రక్తంలోకి బాగా వస్తాయి. అందుకని మా చిన్నతనంలో ఫైలేరియా వాళ్ళు అందరూ పడుకున్నాక వచ్చేవారు. కుక్కలు అరిచేవి. టార్చిలైటు వెలుగులో ఒక్కొక్కరినీ లేపి, వేలికొసన సూదితో పొడిచి, గాజు పలక మీద రక్తపు చుక్క రాసి, పేరు రాసుకునేవారు. మగవాళ్ళు విసుక్కునేవారు, పిల్లలు ధాన్యం గాదె వెనక దాక్కునేవారు. మా అమ్మమ్మ మాత్రం చేయి చాపి, మర్నాడు ఫలితం ఎవరు చెబుతారని అడిగేది. నిద్ర మధ్యలో తలుపు తట్టి నీ రక్తం చూపించమని అడిగితే ఆ మనిషి ఏమనుకుంటాడు, ఆ చుక్కలో ఏదో ఉందని తేలితే పెళ్ళి కుదిరిన పిల్ల ఇంట్లో ఏం మాట్లాడుకుంటారు, రాత్రంతా ఊళ్ళు తిరిగిన ఆ ఉద్యోగి తెల్లవారి తన ఇంట్లో ఎలా పడుకుంటాడు, ఇవన్నీ కథలు. డెల్టాలో కథకులకు కొరత ఎన్నడూ లేదు. బుర్రకథ చెప్పేవారికీ, నాటిక రాసేవారికీ, బొమ్మ గీసేవారికీ ఇందులో పని ఉంది.

ఆ నటుడు తర్వాత నాకు ఫోన్ చేశారు. వచ్చే సంక్రాంతికి వాళ్ళ అమ్మగారి పాత్ర ఒకటి రాసి ఇవ్వగలరా అని అడిగారు. రాస్తున్నాను. మొదటి దృశ్యంలో ఆమె చేలో నుంచి వచ్చి అరుగు మీద కూర్చుని కాలు కడుక్కుంటూ పెద్దకొడుకుతో బడి ఫీజు గురించి వాదిస్తుంది. కడగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఆ వాదన జరగాలని రాశాను. అంతసేపు జనం కూర్చుంటారా అని ఆయనకు సందేహంగా ఉంది. నాకూ ఉంది, అయినా ఆ దృశ్యం తగ్గించడానికి మనసు ఒప్పుకోవడం లేదు.

మీ నుంచి నేను కోరేది ఒకటే. ఇకమీదట బోదవ్యాధి గురించి వార్త వేసినప్పుడు, ఫొటోలో ఉన్నవారిని ముందు అడగండి. వారు ఒప్పుకుంటే ముఖంతో వేయండి, పేరు రాయండి, వారు ఏ పని చేస్తారో రాయండి, కాలిని ఎలా చూసుకుంటారో వారి మాటల్లోనే రాయండి. ఒప్పుకోకపోతే కాలు కూడా వేయవద్దు. మొదట ఎవరిని అడగాలా అని సందేహం ఉంటే మీ విలేకరిని మా ఇంటికి పంపండి. సాయంత్రం అయిదు తర్వాత నేను అరుగు మీద కాలు కడుక్కుంటూ ఉంటాను. ఆ సమయంలో ఫొటో తీసుకోవచ్చు. చేపలు తెచ్చే ఆవిడను కూడా అడిగాను. పొద్దున్నే వస్తే తట్టతో సహా తీయమంది.

భవదీయురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
పాలకొల్లు ప్రాంతం.
(పేరు, చిరునామా విడి కాగితం మీద జత చేశాను.)